హాజరు పట్టీ ఇప్పుడు ఉస్తాద్ చేతిలో

రూముకొచ్చి వంట చేసుకుంట వినేటోళ్లే మనలో ఎక్కువ, అందుకని పొడుగ్గా చెప్పను.

జగిత్యాల దగ్గర ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్లు లెక్కలు చెప్పిన. ఇప్పుడు దమ్మాంలో స్టోర్ కీపర్‌ను. పోయిన ఏడాది నుంచి వారానికి రెండు రాత్రులు అరబీ క్లాసుకు పోతున్న. నలభై దాటినంక మళ్లా అక్షరాలు దిద్దుడు.

మొదటి రోజు ఉస్తాద్ పేర్లు పిలుస్తుంటే "హాదిర్" అనాలె. అది మన "హాజర్" మాటే. ఉర్దూ మీదుగా మన దాకా వచ్చేసరికి "ద" కాస్తా "జ" అయింది. తారీఖు, జవాబు, వకీలు కూడా అరబీ నుంచి వచ్చినవే. ఇన్నేళ్లు హాజరు పట్టీ నా చేతిలో ఉండె, ఇప్పుడు నా పేరు అందులో ఉంది.

అరబీలో 28 అక్షరాలే. మన 56 దిద్దినోళ్లకు సులువే అనిపిస్తది. కానీ ఒక్కో అక్షరం మాట మొదట్లో ఒక తీరు, నడుమ ఒక తీరు, చివర ఇంకో తీరు ఉంటది. ఉస్తాద్ పుస్తకం పక్కకు పెట్టి లబన్ డబ్బా తెచ్చిండు, మనం రోజూ తాగే మజ్జిగే. దాని మీద మూడే అక్షరాలు: ల్, బ్, న్. "అ" ఏది అని అడిగిన. రాయరట, తెలిసినోళ్లు కలుపుకొని చదువుకుంటరట! తెలియనోడు ఏం చేయాలె?

పది గంటలు డ్యూటీ చేసి కూచుంటే బోర్డు మీది చుక్కలు ఈగల్లెక్క తిరుగుతయి. ఉస్తాద్ "అర్థమైందా?" అంటడు. అందరం "నఅమ్" అంటం. ఆ ప్రశ్న రోజుకు ఇరవైసార్లు అడిగినోణ్ని నేను. ఆ "నఅమ్" వెనుక భయం, ఆకలి, పక్కోడు నవ్వుతడన్న సిగ్గు అన్నీ ఉంటయని బెంచీ మీద కూచుంటేనే తెలిసింది. నా పక్కన హైదరాబాదీ తమ్ముడికి ఉర్దూ వచ్చు, గడగడా చదువుతడు, అర్థం మాత్రం తెలియదు. నాకు మాట తెలుసు, చదవరాదు. ఇద్దరం కలిస్తే ఒక విద్యార్థి.

ఇక అంకెలు. ఇవి మాత్రం ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలె. గుండ్రంగా సున్నా లెక్క కనిపించేది అయిదు. సున్నా అంటే ఒట్టి చుక్క. మన 7 తీరుగా ఉండేది ఆరు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు పోతయి గానీ, అంకెలు మనలెక్కనే ఎడమ నుంచి కుడికి. జీతం కాగితంలో "అసాసీ" అన్న మాట వెతకండి, అంటే అసలు జీతం. సౌదీ చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ గంటకు ఆ గంట జీతం, దాని మీద అసాసీలో సగం కలవాలె. అసాసీ తక్కువ రాస్తే అక్కడ తగ్గుతది. కాగితంలో ఇంగ్లీషు ఒక తీరు, అరబీ ఒక తీరు ఉంటే అరబీదే చెల్లుతది.

క్యాంపులో అందరూ నన్ను ఇంకా "సార్" అనే పిలుస్తరు, కాగితాలు పట్టుకొని వస్తరు. అన్నీ చదవలేను, చదివిన కాడికే చెప్త. మా రూములో ఒక పెద్దాయన బడి మొకమే చూడలేదు. శుక్రవారం పొద్దున ఆయనకు అంకెలు చెప్తున్న. తొమ్మిది దాకా వచ్చినయి. వచ్చే నెల మా ఇద్దరి కాంట్రాక్టులు రెన్యువల్. ఈసారి కివాలో ఒప్పుకునే ముందు అసాసీ అంకె ఆయనే చదువుతనంటున్నడు.