స్తంభం మీది సోలార్ ప్లేటును దించడం, ఎత్తడం
(వార్షిక మహాసభలో సోలార్ పనులు చూసే సభ్యురాలి ప్రసంగం)



వీధి దీపం రాత్రి పది దాటకముందే ఆరిపోతోందంటే చాలాసార్లు బల్బు తప్పు కాదు. ప్లేటు మీద దుమ్ము, పిట్టల రెట్టలు పేరుకుని బ్యాటరీ సరిగా ఛార్జి కాదు. తుడిస్తే సరిపోతుంది. కానీ నిచ్చెన ఎక్కేదెవరు? అందుకే మనం పైకి ఎక్కడం కాదు, ప్లేటునే కిందికి దించుకోవాలి. అడుగున తలుపు బందులాంటి కీలు ఉన్న స్తంభానికే ఇది కుదురుతుంది.

ముందు తల ఎత్తి చూడండి. కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే ఆ స్తంభాన్ని ముట్టుకోవద్దు. గాలి ఉన్నా వద్దు, ప్లేటు తెరచాపలా లాగేస్తుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు చేయండి. వేడెక్కిన అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగలొచ్చు.

కనీసం నలుగురు ఉండాలి. మోకును స్తంభం పైభాగాన కట్టి, రెండో కొసను గట్టి చెట్టుకు రెండు చుట్లు తిప్పి ఇద్దరు పట్టుకోవాలి. ఒకరు అడుగు బోల్టు తీయాలి, ఒకరు చూసి చెప్పాలి. కీలు బోల్టు మాత్రం తీయకూడదు. ఒరిగే వైపు పిల్లలు కూడా ఉండొద్దు. గుర్తుంచుకోండి, స్తంభం నేలకు దగ్గరయ్యే కొద్దీ మోకు మీద బరువు పెరుగుతుంది. సగం దిగింది కదా అని చేయి వదలకండి. ప్లేటు అంచు నేలకు తగలకుండా స్తంభం కింద ఎత్తైన దిమ్మ పెట్టండి.

ఎండ పడితే ప్లేటులో కరెంటు పుడుతూనే ఉంటుంది, స్విచ్చి ఆపినా ఆగదు. వైర్లు విప్పాలంటే దుప్పటి కప్పండి. ముందు ప్లేటు వైరు, తర్వాత బ్యాటరీ వైరు తీయాలి. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లేటు. మంచినీళ్ళు, మెత్తని గుడ్డ చాలు, పీచు వద్దు. బోరు మోటారు ప్లేట్లు వరుసగా కలిపి ఉంటాయి, వాటిలో వందల వోల్టులు ఉండొచ్చు. వాటి వైర్ల జోలికి మనం పోవద్దు.

ఎత్తాక బోల్టు బిగించి, వైరు నలగలేదని, ప్లేటు దక్షిణం వైపే ఉందని చూడండి.

చివరి మాట. కొత్త దీపాలు కొనేటప్పుడు కీలు ఉన్న స్తంభమే కావాలని తీర్మానంలో రాయించండి. కదలని స్తంభాలను బాగుచేసే బాధ్యత బిగించినవాళ్ళదని ఒప్పందంలో పెట్టించండి. వీధిలో వెలుగు ఎంత ముఖ్యమో, దాన్ని నిలిపే మన ప్రాణం అంతకంటే ముఖ్యం.

సెలవు.