కిల్ట్ మీద చొక్కా: టక్ చెయ్యాలా, బయటికి వదిలెయ్యాలా?

 

ఈ రోజు విషయం వింటే మీలో కొంతమంది నవ్వుతారు. కిల్ట్ కట్టుకున్నప్పుడు చొక్కా టక్ చెయ్యాలా, బయటికి వదిలెయ్యాలా? ఇదీ ప్రశ్న. స్కాట్లాండ్‌లో చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన మన కుర్రాళ్ళు నన్ను చాలాసార్లు అడిగారు. ఇక్కడి స్నేహితుడి పెళ్ళికి పిలుపు వస్తుంది. నువ్వూ కిల్ట్‌లోనే రావాలంటాడు. సరేనని అద్దెకి తెచ్చుకుంటారు. అన్నీ వేసుకుని అద్దం ముందు నిలబడ్డాక, చొక్కా అంచు చేత్తో పట్టుకుని ఆగిపోతారు. ఇది లోపలికా, బయటికా అని.

జవాబు ముందే చెప్పేస్తాను. పెళ్ళి, విందు, చర్చి, ఇలా జాకెట్ వేసుకునే సందర్భం ఏదైనా సరే, టక్ చెయ్యండి. ఇంక ఆలోచించక్కర్లేదు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కో, స్నేహితులతో సరదాగా బయటికో వెళ్తుంటే మీ ఇష్టం. అంతే. కానీ ఎందుకలా అన్నది తెలిస్తే ఇంకెప్పుడూ అనుమానం రాదు. నాకు అది తెలియడానికి రెండు పెళ్ళిళ్ళు పట్టింది. మొదటిది నాదే.

నా పెళ్ళి భీమవరంలో జరిగింది. ఎడిన్‌బరోలో నాతోపాటు పనిచేసే స్కాటిష్ స్నేహితుడు అంత దూరం నుంచి వచ్చాడు. మావాళ్ళు వాడికి పట్టు పంచె, చొక్కా ఇచ్చారు. పంచె మా బాబాయి కట్టాడు. మిగతాది నేనే చూసుకుంటానని చెప్పి, గది తలుపేసుకున్నాడు. కాసేపటికి బయటికొచ్చాడు. చొక్కా నీటుగా పంచెలోకి దోపేసి, పైన బెల్టు పెట్టుకుని!

పందిరంతా ఒకటే నవ్వు. మా పెద్దమావయ్యయితే, "ఏవండోయ్, ఈయన పెళ్ళికొచ్చాడా, ఆఫీసుకెళ్తున్నాడా?" అన్నాడు. పీటల మీద కూర్చున్న నేనూ నవ్వాను. వాడూ నవ్వాడు. తర్వాత స్తంభం పక్కకెళ్ళి చొక్కా బయటికి లాగేసుకున్నాడు. ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను.

కొన్నేళ్ళకి వాడి పెళ్ళి, ఎడిన్‌బరోకి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో. నేను కిల్ట్ కట్టుకున్నాను. అదేమీ తేలిక కాదండి. మంచి కిల్ట్‌కి 8 గజాల దాకా ఉన్ని బట్ట పడుతుంది. ముందు రెండు పొరలు సాపుగా ఉంటాయి, వెనకంతా కుట్టిన కుచ్చిళ్ళు. పక్కల తోలు పట్టీలతో బిగిస్తారు. మేజోళ్ళు, బూట్లు ముందే వేసుకోవాలి, కిల్ట్ బిగించాక వంగడం కష్టం. ఇవన్నీ నేర్చుకునే వెళ్ళాను. చొక్కా సంగతి మాత్రం ఎవర్నీ అడగలేదు. అడగాలనే తోచలేదు. నడుముకి చుట్టుకునే బట్ట అంటే నా బుర్రలో పంచే. మా నాన్న జీవితంలో ఒక్కసారి కూడా పంచెలోకి చొక్కా దోపలేదు. కాబట్టి నేనూ వదిలేశాను.

అలాగే బయటికొచ్చాను. అక్కడ పెళ్ళికొడుకు, వాడి అన్నదమ్ములు, వాళ్ళ నాన్న ఉన్నారు. నన్ను చూశారు. ఒక్కరు కూడా నవ్వలేదు. వాళ్ళ నాన్న టీ కప్పు కిందపెట్టి, "ఒక్క నిమిషం ఇటు రా" అని నన్ను మళ్ళీ గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

ఆయన అక్కడ చెప్పిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మొదటి సంగతి, కిల్ట్ ప్యాంటులా తుంటి మీద కూర్చోదు. బొడ్డు దగ్గర, నడుము సన్నగా ఉండేచోట కూర్చుంటుంది. అక్కడి నుంచి మోకాలి దాకానే దాని పొడవు. చొక్కా బయటికి వదిలితే తుంటి దాకా దిగుతుంది. అంటే కిల్ట్ పైభాగం అంతా చొక్కా కిందకి పోయినట్టే. వెనక కుచ్చిళ్ళని నడుము దగ్గర సన్నగా వచ్చేలా కుట్టడమే కిల్ట్ కుట్టేవాళ్ళ అసలు పనితనం. చొక్కా వదిలితే ముందు దాచేసేది దాన్నే.

రెండోది, ముందు వేలాడే సంచీ. దాన్ని స్పోరన్ అంటారు. కిల్ట్‌కి జేబులుండవు కదా, ఆ లోటు తీర్చేది అది. నడుము నుంచి బెత్తెడు కిందకి ఉంటుంది. చొక్కా వదిలితే సగం స్పోరన్ లోపల, సగం బయట. నాది అలాగే ఉంది, ఏదో దాచుకుని పట్టుబడ్డ దొంగలాగా.

మూడోది జాకెట్. కిల్ట్ మీద వేసుకునే జాకెట్‌ని మామూలు కోటు కంటే పొట్టిగా కుడతారు. ప్రిన్స్ చార్లీ అనే జాకెట్ అయితే ముందువైపు నడుము దగ్గరే ఆగిపోతుంది, లోపల 3 గుండీల వెయిస్ట్‌కోట్. ఆ కింద నుంచి చొక్కా అంచు తొంగి చూస్తే బాగుండదు.

ఇంకోటి. ఉన్ని ఒంటికి గుచ్చుకుంటుంది. దోపిన చొక్కా మధ్యలో అడ్డుగా ఉంటుంది. అయితే కిల్ట్ లోపల ఇంకేం వేసుకుంటారని మాత్రం నన్ను అడక్కండి!

ఇక ఎలా దోపాలి? చొక్కా గుండీలన్నీ పెట్టుకోండి. దాని మీద కిల్ట్ చుట్టి పట్టీలు బిగించండి. నడుము దగ్గర చొక్కా ఉబ్బుతుంది. ప్యాంటయితే పైనుంచి వేళ్ళు పెట్టి కుక్కుతాం. ఇక్కడ ఆ బాధ లేదు. కింద నుంచి చెయ్యి పెట్టి చొక్కా అంచుల్ని కిందకి లాగడమే, సాపుగా వచ్చేస్తుంది. అందుకే చొక్కా పొడుగ్గా ఉన్నది తీసుకోండి. రాత్రి కేలీ నాట్యాల్లో చేతులు పైకెత్తి గిరగిరా తిరుగుతారు, పొట్టి చొక్కా అయితే పైకొచ్చేస్తుంది. వెయిస్ట్‌కోట్ ఉంటే సాధారణంగా బెల్టు పెట్టరు, అదీ గుర్తుంచుకోండి.

చరిత్రలోకి చూసినా ఇదే కనిపిస్తుంది. ఇప్పటి కిల్ట్ కంటే ముందు హైలాండ్ ప్రజలు పెద్ద ఉన్ని దుప్పటిలాంటి బట్టని ఒంటికి చుట్టి, బెల్టుతో బిగించేవారు. లోపల పొడుగు చొక్కా. అంటే చొక్కా ముందు, బట్ట దాని మీద. తర్వాత దాని కింది భాగమే విడిగా కిల్ట్ అయింది. ఈ దుస్తుల్నే 1746లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. 1782 దాకా ఆ నిషేధం ఉంది. ఒకప్పుడు వేసుకుంటే జైల్లో పెట్టిన బట్ట అది. దాన్ని ఒద్దికగా కట్టుకోవాలని పెద్దవాళ్ళు పట్టుబడితే అందులో ఆశ్చర్యమేముంది?

మన దగ్గర వరస వేరు. మనకి పంచె ముందు, చొక్కా తర్వాత. మీదొక కండువా వేసుకుని తిరిగిన తాతలు మనకి గుర్తే. చొక్కా తర్వాత వచ్చి పంచె మీద పడింది. అందుకే బయటే ఉండిపోయింది. రెండూ సరైనవే.

అలాగని కిల్ట్ మీద చొక్కా ఎప్పుడూ లోపలే ఉండాలా? లేదు. అదే స్నేహితుడితో గ్లాస్గోలో హాంప్‌డెన్ పార్క్‌కి మ్యాచ్ చూడ్డానికి వెళ్ళాను. స్కాట్లాండ్ అభిమానుల్ని టార్టన్ ఆర్మీ అంటారు. ముతక బూట్లు, కిందకి జారిన మేజోళ్ళు, కిల్ట్ మీద జట్టు జెర్సీ, అదీ బయటికే. మావాడూ అంతే. ఇదేంట్రా అంటే, "ఇది పెళ్ళి కాదుగా" అన్నాడు. జెర్సీ టక్ చేస్తే అక్కడ వాడే వింతగా కనిపించేవాడు. టీషర్టయినా, అంచు తిన్నగా ఉన్న పొట్టి చొక్కా అయినా అలా వదిలెయ్యొచ్చు.

మళ్ళీ ఆ గదిలోకి వద్దాం. ఆయన నా చొక్కా సర్దుతూ, "నాకు మా నాన్న చూపించాడు, నేను మావాడికి చూపించాను" అన్నాడు. అప్పుడు తగిలింది నాకు. భీమవరంలో వాడు చొక్కా దోపింది తెలియక కాదు. నడుముకి బట్ట చుట్టుకుంటే చొక్కా దోపి బెల్టు పెట్టడమే మర్యాదని వాళ్ళ నాన్న నేర్పాడు. వాళ్ళ బట్టకి ఇచ్చే మర్యాదే మన పంచెకీ ఇచ్చాడు. దానికే మేమందరం నవ్వాం.

ఆ రాత్రి నాట్యాలయ్యాక వాణ్ణి పక్కకి పిలిచి, ఆ రోజు నవ్వినందుకు సారీ చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పట్టు జారిపోతూ ఉంది. అది దోపడానికి నాకు పది నిమిషాలు పట్టింది" అన్నాడు. అని, మా పెద్దమావయ్య ఎలా ఉన్నారని అడిగాడు.

అదండీ సంగతి. మన పంచె కట్టుకున్న పరాయివాడు మీ పందిట్లోకి వస్తే, తప్పు కనిపిస్తే, నవ్వకండి. ఒక్క నిమిషం ఇటు రమ్మని గదిలోకి తీసుకెళ్ళి తలుపు వెయ్యండి. అంతే.

మీకిలాంటి అనుభవం ఏదైనా ఉంటే రాయండి. మళ్ళీ కలుద్దాం. సెలవు.