బొమ్మ మీద కోపం, మనిషి మీద ఆరా

(షామ్‌బర్గ్‌లో మన వేదిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఎన్నికలు, నీళ్ళు, నిధులు మాట్లాడుకునే వేదిక మీద సూపర్‌మాన్ ప్రస్తావన ఏమిటని కొందరు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. ఒక కథలోని పాత్రను మార్చే హక్కు ఎవరిది, ఒక మనిషి సొంత బతుకును గురించి మాట్లాడే హక్కు ఎవరిది అన్నవి రెండూ రాజకీయ ప్రశ్నలే. ఈ రెండింటినీ మనం తారుమారు చేసుకున్నామని నా అభిప్రాయం. బొమ్మ మీద కోపం తెచ్చుకుంటున్నాం, మనిషి మీద ఆరా తీస్తున్నాం. ఇది ఎందుకు తప్పో చెప్పడానికే ఈ ప్రసంగం.

2021 అక్టోబర్ నెల తీసుకుందాం. అక్టోబర్ 2న సమంత, నాగచైతన్య విడిపోతున్నామని ప్రకటించారు. తమ ఏకాంతాన్ని గౌరవించమని కోరారు. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, అక్టోబర్ 11న, కొత్త సూపర్‌మాన్ అయిన జాన్ కెంట్ అమ్మాయిలనూ అబ్బాయిలనూ ఇద్దరినీ ఇష్టపడేవాడని డీసీ కామిక్స్ ప్రకటించింది. మొదటి వార్త ఇద్దరు బతికున్న మనుషులది, రెండవది కాగితం మీది బొమ్మది. మనుషుల గురించి యూట్యూబ్‌లో కథలు అల్లారు, బొమ్మ గురించి సంస్కృతి ధ్వంసమైపోతోందని గగ్గోలు పెట్టారు. జరగవలసింది దీనికి సరిగ్గా తిరగబడి ఉండాలి కదా?

ముందు బొమ్మ సంగతి చూద్దాం. చాలామంది అనుకున్నట్టు మనం చిన్నప్పుడు చూసిన సూపర్‌మాన్‌ను, అంటే క్లార్క్ కెంట్‌ను, డీసీ వారు మార్చలేదు. జాన్ కెంట్ అతని కొడుకు. క్లార్క్ కెంట్ తన లోయిస్ లేన్‌తో సుఖంగానే ఉన్నాడు. అయితే ఉన్న పాత్రనే మార్చిన సందర్భాలూ ఉన్నాయి. 1940 నుంచి ఉన్న గ్రీన్ లాంటర్న్ అలన్ స్కాట్‌ను 2012లో మరో లోకపు కథలో స్వలింగప్రియుడిగా చూపారు. మార్వెల్ వారి ఐస్‌మాన్ 1963 నాటివాడు, 2015లో అతన్నీ అలాగే చూపారు. బాట్‌మాన్ పక్కన ఉండే రాబిన్‌లలో ఒకడైన టిమ్ డ్రేక్ కథ 2021లో ఆ మలుపే తిరిగింది.

దీనికి వచ్చే అభ్యంతరాన్ని నేను తీసిపారేయను. "కావాలంటే కొత్త హీరోలను సృష్టించుకోండి, పాతవాళ్ళ జోలికి ఎందుకు వస్తారు?" అంటారు. చిన్నప్పటి నుంచి ప్రేమించిన పాత్ర ఉన్నట్టుండి మరొకలా కనబడితే మనసు నొచ్చుకుంటుంది. అందులో ద్వేషం ఉండి తీరాలని లేదు. పైగా ఈ మార్పుల వెనక ఆదర్శం ఎంతో, వ్యాపారం ఎంతో చెప్పడం కష్టం. అయినా రెండు విషయాలు గమనించమని కోరుతున్నాను.

మొదటిది, ఈ పాత్రలు ఎన్నడూ ఒక్కలా లేవు. 1938లో మొదటిసారి వచ్చిన సూపర్‌మాన్‌కు ఎగరడం రాదు, గెంతేవాడు. అతన్ని సృష్టించిన ఇద్దరు కుర్రాళ్ళు, సీగెల్, షుస్టర్, 130 డాలర్లకు హక్కులు అమ్ముకున్నారు. ఆనాటి నుంచి ఆ పాత్ర కంపెనీ ఆస్తి, ఎందరో రచయితలు మార్చుకుంటూ వచ్చిన ఆస్తి. మన ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణపు కొసన ఒహాయో నది ఒడ్డున మెట్రోపోలిస్ అనే చిన్న ఊరుంది. పేరు కలిసింది కాబట్టి సూపర్‌మాన్ మా ఊరివాడేనని 1972లో ప్రకటించుకుని, తర్వాత విగ్రహం కూడా పెట్టుకున్నారు. ఊరే కల్పిత పాత్రను సొంతం చేసుకోగలిగినప్పుడు, ఆ పాత్రలో తనను చూసుకోవాలనుకునే కుర్రాడిని మనం ఎలా కాదంటాం?

రెండవది ఇంకా ముఖ్యం. "పాత రోజుల్లో ఇలాంటివి లేవు" అంటాం. ఎందుకు లేవు? 1954లో అమెరికా కామిక్స్ పరిశ్రమ తనకు తాను ఒక నియమావళి రాసుకుంది. స్వలింగ ప్రేమను వికృతి కింద జమకట్టి, దాన్ని సూచనగా చూపడానికి కూడా వీల్లేదంది. ఆ నిషేధం 1989 దాకా కొనసాగింది. మూడేళ్ళు తిరగకుండానే, 1992లో, మార్వెల్ వారి నార్త్‌స్టార్ తాను గే అని చెప్పుకున్నాడు. ముప్పై అయిదేళ్ళు తలుపుకు తాళం వేసి, గదిలోకి ఎవరూ రాలేదు కాబట్టి ఎవరికీ రావాలని లేదనడం న్యాయం కాదు.

పాత్రలను మార్చడం మనకు కొత్త కూడా కాదు. మాయాబజార్ (1957) మన ఇళ్ళలో కంఠతా వచ్చిన సినిమా. వ్యాసభారతంలో శశిరేఖే లేదు. మనవాళ్ళు అల్లుకున్న కథ అది. దానవీరశూరకర్ణ (1977)లో ఎన్టీఆర్ దుర్యోధనుడిని దాదాపు నాయకుడిని చేశారు. అంతకు చాలా ముందే త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ నాటకం రాసి రామకథను శంబుకుడి వైపు నుంచి చూపారు. కొన్నిటిని నెత్తిన పెట్టుకున్నాం, కొన్నిటితో తగువు పడ్డాం. నర్తనశాల (1963)లో బృహన్నలగా ఎన్టీఆర్ నాట్యం చేస్తే జనం బ్రహ్మరథం పట్టారు. బృహన్నల ఉన్నాడు కాబట్టి మన పెద్దలు స్వలింగ ప్రేమను ఒప్పుకున్నారని నేను వాదించను. అది అతిశయోక్తి. పాత్ర మారినంత మాత్రాన మన కథ చచ్చిపోలేదని మాత్రమే చెబుతున్నాను.

మధ్యస్థంగా ఉండే కేసు ఒకటుంది, ఆర్ఆర్ఆర్ (2022). అల్లూరి సీతారామరాజు, కొమరం భీమ్ కల్పిత పాత్రలు కారు. ఒకరు 1924లో, ఒకరు 1940లో ప్రాణాలర్పించినవారు. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో లేదు. సినిమా వారిని ప్రాణమిత్రులను చేసింది. 2020లో టీజర్‌లో భీమ్ టోపీతో కనబడితే ఆదిలాబాద్ ఆదివాసులు అభ్యంతరం చెప్పారు. సినిమా విదేశాలకు వెళ్ళాక ఆ స్నేహాన్ని చాలామంది ప్రేమకథలా చూశారు. 2022 జూలైలో ఆస్కార్ గ్రహీత రసూల్ పూకుట్టి దాన్ని గే ప్రేమకథ అన్నారు. మన అభిమానులు మండిపడ్డారు. బాహుబలి నిర్మాత శోభు యార్లగడ్డ మాత్రం, అది అలాంటి కథ అని తాను అనుకోవడం లేదంటూనే, అలాంటిదైతే మాత్రం తప్పేమిటని అడిగారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. నిజంగా బతికిన వీరుల విషయంలో ఆదివాసుల మాటకు నేను విలువ ఇస్తాను. వారి దేవుడిలాంటి మనిషి ఆయన. అక్కడ ఇది కల్పన అని స్పష్టంగా చెప్పడం, ఆ సమాజాన్ని ముందే సంప్రదించడం మర్యాద. ప్రేక్షకుడు తెర మీద చూసి ఏమనుకోవాలో శాసించే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

ఇక మనుషుల సంగతి. ఇక్కడ మన తెలుగువారు గర్వపడవలసిన చరిత్ర ఉంది, మనం మర్చిపోయాం.

1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ఒక సినీనటి వచ్చారు. మరోచరిత్రతో పేరు తెచ్చుకున్న సరిత. కాపురానికి రావాలని ఆదేశించమంటూ భర్త కడప కోర్టులో వేసిన కేసును ఆమె ఎదిరించారు. జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ ఆదేశాలకు ఆధారమైన హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఒక స్త్రీ శరీరం మీద నిర్ణయం ఆమెదేనని, దాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టడం ఆమె ఏకాంతంపై దాడి అని తేల్చారు. మరుసటి ఏడాది సుప్రీం కోర్టు మరో కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. అయినా మాట పడింది, మొలకెత్తింది.

1994లో ఆటో శంకర్ ఆత్మకథ కేసులో సుప్రీం కోర్టు తీర్పు రాసినది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ప్రచురణను ప్రభుత్వం ముందే ఆపలేదన్నారు. అదే తీర్పులో, ఒక మనిషి కుటుంబం, వివాహం, సంతానం వంటి విషయాలను ఆ మనిషి సమ్మతి లేకుండా ప్రచురించకూడదన్నారు. అది నిజమైనా అబద్ధమైనా, పొగడ్త అయినా తెగడ్త అయినా అంతే. ప్రజా రికార్డులకూ, అధికారులు తమ విధులు నిర్వర్తించే తీరుకూ మినహాయింపు ఇచ్చారు. తనంతట తాను వివాదంలోకి దూకినవారి సంగతి వేరన్నారు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కు అన్నారు. వారిలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. ఆ పునాది మీదనే 2018 సెప్టెంబర్ 6న 377వ సెక్షన్ కోరలు పీకారు. మనం ఉంటున్న ఇల్లినాయ్ ఈ విషయంలో ఇంకా ముందుంది. పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని 1961లోనే చట్టం చేసిన తొలి అమెరికా రాష్ట్రం ఇదే.

చట్టం ఇంత చెప్పినా మనం ఏం చేస్తున్నాం? 2021లో సమంత యూట్యూబ్ చానళ్ళ మీద కూకట్‌పల్లి కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. 2024 అక్టోబర్ 2న, ఆ ప్రకటన వచ్చి సరిగ్గా మూడేళ్ళు నిండిన రోజున, మంత్రి కొండా సురేఖ రాజకీయ ప్రత్యర్థిని విమర్శించడానికి ఆమె విడాకులను వాడుకున్నారు. ఆ మాటలేమిటో ఇక్కడ చెప్పను. చెబితే నేనూ అదే పని చేసినవాడినవుతాను. మంత్రి ఆ వ్యాఖ్యలు వెనక్కి తీసుకున్నారు. నాగార్జున వేసిన పరువునష్టం కేసు, ఆమె విచారం వ్యక్తం చేశాక, 2025 నవంబర్‌లో ముగిసింది. ఇది ఒక పార్టీ జబ్బు కాదు. 2019 జనవరిలో షర్మిల తనపై సాగుతున్న అసభ్య ప్రచారం గురించి హైదరాబాద్ పోలీసులకు ఫిర్యాదు చేశారు. 2021 నవంబర్‌లో చంద్రబాబు నాయుడు తన భార్యను అవమానించారంటూ శాసనసభ నుంచి బయటికి వెళ్ళిపోయారు. పార్టీ మారింది, బాధితులు మాత్రం ఆడవాళ్ళే.

"వాళ్ళే ఫోటోలు పెట్టుకుంటారు, మనం మాట్లాడితే తప్పా?" అంటారు. వీధి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినవాడు పడకగది తాళం చేతికిచ్చినట్టు కాదు. సినిమా బాగాలేదనండి, పారితోషికం ఎక్కువనండి, పన్ను ఎగ్గొట్టాడని ఆధారం ఉంటే నిలదీయండి. అతను ఎవరిని ప్రేమిస్తాడన్నది మన టికెట్ డబ్బులో కలిసి రాదు.

ఈ హెచ్చరిక ఛాందసులకే కాదు, అభ్యుదయవాదులమనుకునేవారికీ వర్తిస్తుంది. హార్ట్‌స్టాపర్ అనే సీరియల్ కూడా బొమ్మల కథ నుంచి వచ్చినదే. అందులో అబ్బాయిలనూ అమ్మాయిలనూ ఇష్టపడే పాత్ర వేసిన కిట్ కానర్‌ను, "నువ్వు నిజంగా అలాంటివాడివేనా, తేల్చి చెప్పు" అని వేధించినవారు ఆ కథ అభిమానులే. 2022 అక్టోబర్ చివర, పద్దెనిమిదేళ్ళ వయసులో, బలవంతాన చెప్పించారంటూ అతను తన సంగతి బయటపెట్టాడు. పాత్రకు స్వేచ్ఛ కోరినవారే నటుడి స్వేచ్ఛను లాక్కున్నారు. జీవన్ రెడ్డి గారి తీర్పు మళ్ళీ గుర్తు చేసుకోండి. పొగడ్తకైనా సమ్మతి కావాలి.

ఇదంతా మనకెందుకు? మనం శనివారం రాత్రి భోజనాల దగ్గర కూర్చుంటాం. ఫలానా హీరో "అదట కదా" అని ఒకరు అంటారు, అందరూ నవ్వుతారు. సూపర్‌మాన్‌ను కూడా పాడుచేశారని ఇంకొకరు అంటారు. మెట్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న పదహారేళ్ళ పిల్లవాడు ఈ రెండు మాటలూ వింటాడు. సూపర్‌మాన్‌కు మన మాట వినబడదు, ఆ హీరోకూ వినబడదు. వినేది ఆ పిల్లవాడే. తన సంగతి తెలిస్తే ఈ బల్ల చుట్టూ ఏమంటారో అతనికి ఆ రాత్రే తెలిసిపోతుంది. ఇక మనకు ఏదీ చెప్పడు. వాడు ఎవరి ఇంటివాడో మనలో ఎవరికీ తెలియదు. మీ ఇంటివాడు కావచ్చు, మా ఇంటివాడు కావచ్చు.

అందుకే మూడు విన్నపాలు చేసి ముగిస్తాను. ఒకటి, నచ్చని కథను కొనకండి, విమర్శించండి, వేరే కథ రాయండి. నిషేధించమని మాత్రం ఏ ప్రభుత్వాన్నీ కోరకండి. ఈరోజు మీకు నచ్చనిది ఆపిన చెయ్యి రేపు మీకు నచ్చినదాన్ని కూడా ఆపుతుంది. రెండు, ఒకరి పెళ్ళి, విడాకులు, లైంగికత గురించి వచ్చిన లింకును తెరవకండి, పంపకండి. ఆ చానళ్ళు బతికేది మన చూపులతోనే. మూడు, ఈ ఊరికి వచ్చే నాయకులను మనం సభలకు పిలుస్తాం, విరాళాలు ఇస్తాం. ఏ పార్టీవారైనా వేదిక మీద ప్రత్యర్థి ఇంటివాళ్ళ ప్రస్తావన తెస్తే చప్పట్లు కొట్టకండి. అక్కడే లేచి నిలబడి, ఇది మాకు అవసరం లేదు, రోడ్ల సంగతి చెప్పండి అనండి.

ప్రశ్నలు ఉంటే అడగండి, విభేదించండి.