రెండు రోజుల సెలవు - ఊరంతటి పని
(పొందూరు వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

'సమాజసేవ' అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని నన్ను ఆదేశించారు. ఆ మాట వినగానే మనకు గాంధీగారు, వినోబాగారు గుర్తుకొస్తారు. అంతటి వారి గురించి చెప్పేపాటి శక్తి నాకు లేదు. అంచేత మన ఊళ్ళో పోయిన ఏడాది, వేసవి సెలవులు అయిపోయిన కొత్తలో, ఒక శని ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పి, అందులోంచి నాకు తోచిన నాలుగు మాటలు మీ ముందు పెడతాను.

మన పిల్లలు ఇప్పుడు ఊళ్ళో ఎక్కడున్నారు చెప్పండి? ఒకడు విశాఖపట్నం, ఒకడు హైదరాబాదు, ఇంకొకడు దుబాయి. విశాఖలో ఉన్నవాడు శుక్రవారం రాత్రో, శనివారం పొద్దుటో పలాస పాసింజరు ఎక్కి వస్తాడు. విజయనగరం, చీపురుపల్లి, సిగడాం దాటి మన స్టేషన్లో దిగుతాడు. ఆదివారం సాయంత్రానికి మళ్ళీ సంచీ సర్దుకోవాలి. మధ్యలో మిగిలేవి ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజులోనే అమ్మీతో మాట్లాడాలి, ఖాలా ఇంటికి వెళ్ళాలి, స్నేహితులతో టీ తాగాలి. ఈలోగా మన సంఘం కార్యదర్శిగారు ఫోను చేసి, "బాబూ, ఆదివారం కాస్త పని ఉంది, రావాలి" అంటారు. వాడు తల పట్టుకుంటాడు. ఇంట్లోవాళ్ళు కార్యదర్శిగారిని నాలుగు అంటారు. ఇది మీ అందరి ఇళ్ళలోనూ జరుగుతున్నదే.

ఆ శనివారం మా ఇంట్లో పొద్దుటి నుంచీ మనుషులే. హైదరాబాదు నుంచి చిన్ననాటి స్నేహితుడు భార్యాపిల్లలతో వచ్చాడు. మామూకి కంటి శుక్లం ఆపరేషను అయింది, నల్లద్దాలు పెట్టుకుని దర్జాగా మంచం మీద కూర్చున్నారు, చూడవచ్చినవాళ్ళకు లెక్కలేదు. చాచా మనవడికి నికా కుదిరింది. కట్నం మాట ఎత్తకుండా కుదిరిందని చెప్పడానికి చాచా స్వయంగా వచ్చారు. విశాఖలో మా ఫూఫీ మనవరాలికి ఆడపిల్ల పుట్టిందని కబురు. పులావు, దాల్చా పొయ్యి మీద ఉన్నాయి. ఆడవాళ్ళు వంటింట్లో నుంచి బయటికి రాలేదు. కాని వార్తలన్నీ అక్కడికే వెళ్ళాయి, అక్కడి నుంచే బయటికి వచ్చాయి.

సాయంత్రం మా ఖాలా, మిగిలిన పులావు ఒక గిన్నెలో పెట్టుకుని, రెండు వీధుల అవతల ఉన్న ఒక చెల్లెమ్మ ఇంటికి వెళ్ళింది. ఆ చెల్లెమ్మ భర్త పోయి కొన్నేళ్ళయింది. బట్టలు కుట్టి ఇద్దరు ఆడపిల్లలను పెంచుకొస్తోంది. పెద్దపిల్ల పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. ఖాలా వెళ్ళేసరికి ఆ పిల్ల కూడా మిషను ముందు కూర్చుని ఉంది. "ఏమమ్మా, కాలేజీలో చేరావా?" అని అడిగింది ఖాలా. పిల్ల మాట్లాడలేదు. తల్లి చెప్పింది: "చేర్చలేదు ఖాలా. రోజూ బస్సు ఛార్జీలు, పుస్తకాలు... ఆధార్లో పేరు ఒకలా, మార్కుల మెమోలో ఇంకోలా ఉంది, అది చెల్లదన్నారు ఎవరో. ఇంకెవర్ని అడగను?" సీటు ఇస్తామన్న కాలేజీ పెట్టిన గడువు సోమవారం సాయంత్రం.

ఇక్కడ మీరు గమనించాలి. ఆ తల్లి మన సంఘానికి అర్జీ పెట్టలేదు, ఆఫీసు గుమ్మం ఎక్కలేదు. మన మీటింగులో ఈ విషయం ఎప్పుడూ రాలేదు, వచ్చేదీ కాదు. ఒక ముసలావిడ పులావు గిన్నెతో వెళ్ళబట్టి, కూర్చుని రెండు మాటలు అడగబట్టి బయటపడింది.

రాత్రి భోజనాల దగ్గర ఖాలా ఈ మాట చెప్పింది. హైదరాబాదు స్నేహితుడు చెయ్యి కడుక్కుని లేచాడు. "రేపు పొద్దున్న ఏం కాగితాలు కావాలో చూద్దాం" అన్నాడు. అప్పటికే ఆదివారానికి రెండు పనులు ఖాయమై ఉన్నాయి. ఒకటి, వానలు పడకముందు ఖబరస్తాన్‌లో ముళ్ళపొదలు కొట్టడం. రెండు, రక్తదాన శిబిరం. ఇది మూడోది.

ఆదివారం ఫజర్ నమాజు కాగానే కుర్రాళ్ళు కత్తులు, పారలు పట్టుకుని ఖబరస్తాన్‌కి వెళ్ళారు. దారిలో, రాట్నం ముందు కూర్చున్న మన పొరుగు ముసలమ్మ చూసి, "ఏటి బావూ, సెలవు రోజున్నూ ఈ పనులేటి?" అంది. ఒక కుర్రాడు, "నువ్వు మాత్రం సెలవు పెట్టావేటమ్మా?" అన్నాడు. ఆవిడ నవ్వి, "నా సేతులు ఊరుకోవురా" అంది.

ఆ ముసలమ్మ మాట మీద ఇక్కడ కొంచెం ఆగాలి. ప్రపంచానికి మన ఊరు తెలిసింది ఆవిడలాంటి వాళ్ళ చేతుల వల్లే. 1921 ప్రాంతంలో గాంధీజీ మన ఖద్దరు చూసి ముచ్చటపడి, దాని సంగతి తెలుసుకోవడానికి కుమారుడు దేవదాస్ గాంధీని పంపారని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 1949లో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. పత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, వాటిని అరటి దొప్పలో భద్రం చేసి, నూరో నంబరు నూలు తీస్తారు. నూరో నంబరంటే ఏమిటో పిల్లలకు చెప్తాను: ఒక పౌను దూదిలోంచి, అంటే అరకిలో కూడా లేని దూదిలోంచి, సుమారు 77 కిలోమీటర్ల దారం. అది ఒక్కరి పని కాదు. దువ్వినవారు ఒకరు, వడికినవారు ఒకరు, నేసినవారు ఒకరు. దూది ఏకే పని మనవాళ్ళకూ పరాయిది కాదు. మన నూర్‌బాషా సోదరులు, దూదేకులవారని పిలిచేది వారినే, తరతరాలుగా ఆ వింటితోనే బతికారు. పని పంచుకుంటేనే గుడ్డ తయారవుతుందని ఈ ఊరివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

సరే, రక్తదానం సంగతి. శ్రీకాకుళం నుంచి డాక్టర్లు, సిస్టర్లు వచ్చారు. మనలో ఇంకా భయాలున్నాయి కాబట్టి వివరంగా చెప్తున్నాను. 18 ఏళ్ళు నిండి 65 లోపు వయసు, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే చాలు. తీసేది 350 మిల్లీలీటర్లు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. ఆ రక్తం ఎవరికి వెళ్తుంది? కాన్పు కష్టమైన తల్లికి, హైవే మీద దెబ్బలు తగిలినవాడికి, ఏజెన్సీ ప్రాంతాల్లో కొడవలికణ రక్తహీనతతో బాధపడే పిల్లలకు. సీసా మీద మతం పేరు రాయరు, గ్రూపు పేరే రాస్తారు.

ఆ రోజు ఇంకో విషయం బయటపడింది. రక్తం ఇస్తామని ధైర్యంగా ముందుకొచ్చిన ఆడపిల్లల్లో చాలామందిని, "అమ్మా, నీకే రక్తం తక్కువగా ఉంది" అని డాక్టరుగారు వెనక్కి పంపారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి ఇంట్లోనూ ఉన్నట్టే అనుకోండి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఉన్నంతకాలం ఇది పోదు. మాంసం ముక్క మగపిల్లాడి కంచంలోకే ఎందుకు వెళ్ళాలి? చోడి అంబలి, మునగాకు, బెల్లం మన పూర్వీకులు తిన్నవే, ఇప్పుడు నామోషీ అయిపోయాయి. ఈ మాట నేను మగవాళ్ళకు చెప్తున్నాను, ఆడవాళ్ళకు కాదు.

శిబిరం జరుగుతుండగానే, పక్క గదిలో ఆ పిల్ల కాగితాల పని నడిచింది. రిటైరైన మాస్టారొకరు, మన మతం కాదు, మన ఊరు, కళ్ళజోడు సవరించుకుని మెమో, టి.సి., ఆధారు అన్నీ చూశారు. ఒకదాంట్లో 'షేక్' ముందుంది, ఒకదాంట్లో వెనకుంది. అంతే తేడా. "ఇదా అమ్మా మీ భయం? కాలేజీకి మెమోలో ఉన్న పేరే ముఖ్యం. ఆధారు తరవాత దిద్దించుకోవచ్చు" అన్నారు. ఎంత చిన్న ముడి! అది విప్పేవాళ్ళు లేక ఒక పిల్ల చదువు ఆగిపోబోయింది.

మాస్టారు ఇంకొన్ని సంగతులు చెప్పారు. 2007 నుంచి మనలో వెనుకబడిన వర్గాలవారికి బి.సి.-ఇ గ్రూపు కింద చదువుల్లో, ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషను ఉంది. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకం ఇంటర్మీడియట్ చదివే పిల్లలకు కూడా వర్తిస్తుంది. పిల్ల చదువు మానేస్తే ఆ సాయమూ పోయినట్టే. బస్సు ఛార్జీకి వెనకాడి అంత పోగొట్టుకోబోయారన్నమాట. సోమవారం పొద్దున్న మా భాభీ ఆ తల్లీకూతుళ్ళతో కలిసి కాలేజీకి వెళ్ళింది. సీటు దొరికింది. పేరు నేను చెప్పను, ఆ పిల్ల ఈ సభలోనే ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఇప్పుడు చదువుకుంటోంది, అది చాలు.

ఇకపోతే అసలు మాటకొస్తాను. చుట్టాల ఇళ్ళకు వెళ్ళడం ఒక పని, సంఘసేవ ఇంకో పని, రెండింటికీ టైము చాలదు అని మనం అనుకుంటున్నాం. నాకు తోచింది వేరు. మంచీచెడ్డా కనుక్కోవడమే సేవకు మొదలు. ఎవరి ఇంట్లో జబ్బుందో, ఎవరికి పింఛను ఆగిందో, ఏ పిల్ల బడి మానిందో, ఇవన్నీ చుట్టరికం వల్ల తెలిసేవే. రాకపోకలు ఆగిపోయిన ఇంటి కష్టం సంఘానికి చేరదు. ఫోన్లో "అంతా బాగున్నారా?" అంటే "బాగున్నాం" అనే అంటారు. ఇంటికెళ్ళి కూర్చుంటే గాని లోపలి మాట బయటికి రాదు.

అలాగే, అలవాటైన చేతులే ఆపదలో పనికొస్తాయి. 2018 అక్టోబరు 11, గురువారం నాడు తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేక మోటార్లు ఆడలేదు, తాగే నీళ్ళకు కటకట. ఆ వారాంతంలో మన ఊరి నుంచి కుర్రాళ్ళు నీళ్ళు, కొవ్వొత్తులు, బియ్యం వేసుకుని బయలుదేరారు. ఎవరు వండాలి, ఎవరు బండి మాట్లాడాలి అని చర్చలు పెట్టుకోలేదు. అంతకుముందు ఎన్నో ఆదివారాలు కలిసి పనిచేసినవాళ్ళు కాబట్టి గంటలో తేల్చుకున్నారు.

చివరిగా సంఘానికి నాలుగు విన్నపాలు.

ఒకటి. పని ఆదివారం పొద్దున్న రెండు గంటలకు మించకూడదు. ఎప్పుడు మొదలో, ఎప్పుడు ఆఖరో ముందే చెప్పండి. మధ్యాహ్నం పిల్లలను వాళ్ళ అమ్మలకు వదిలెయ్యండి. అప్పుడే మళ్ళీ వారం వస్తారు.

రెండు. ఆడవాళ్ళు తెచ్చే కబుర్లకు మన సమావేశాల్లో చోటివ్వండి. కార్యవర్గంలో ఖాలాలు, ఆపాలు లేకపోతే మనకు ఊరు సగమే కనిపిస్తుంది.

మూడు. సాయం పుచ్చుకున్నవారి పేరు మైకులో చదవొద్దు, ఫొటో తియ్యొద్దు. ఆ చెల్లెమ్మ ఇన్నాళ్ళూ నోరు విప్పకపోవడానికి లేమి ఒక కారణం, నలుగురిలో పేరు పడుతుందన్న భయం ఇంకో కారణం.

నాలుగు. నికాల ఖర్చు తగ్గించుకుందాం. మా చాచా మనవడి నికా విందు ఒక్క పూటతో సరిపెట్టారు. మిగిల్చిన దాంట్లో కొంత పిల్లల బస్సు పాసులకు ఇస్తామన్నారు. ఆ దారిన ఇంకో పది ఇళ్ళు నడిస్తే, ఈ ఊళ్ళో పదో తరగతితో ఆగిపోయే ఆడపిల్ల ఉండదు.

పది నిమిషాలన్నారు, పదిహేను తీసుకున్నట్టున్నాను. వంటవాళ్ళు నా వైపు చూస్తున్నారు. భోజనాల దగ్గర మీ పక్కన కూర్చున్నవారిని, ఇంట్లో అందరి సంగతీ ఒకసారి అడగండి. జవాబు ఓపిగ్గా వినండి. అల్లాహ్ మనందరి చేతులకూ బలం ఇవ్వాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్. నమస్కారం.