కృష్ణ ఎవరి జాబితాలో ఉంది?



కేంద్ర రాష్ట్ర సంబంధాలు అనగానే మనవాళ్లు గవర్నర్ల దగ్గర మొదలుపెడతారు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారిని గద్దె దించడం, నెల తిరిగేసరికి ఆయన మళ్లీ గద్దెనెక్కడం, సర్కారియా కమిషన్ నివేదిక, 1994లో బొమ్మై తీర్పు. ఇవి ముఖ్యమే, కాదనను. కానీ గద్దెల చరిత్రే సమాఖ్య చరిత్ర అన్నట్టు సిలబస్సులు రాసి, పీహెచ్‌డీలు పంచిన పండితులతో నాకు మొదటినుంచీ పేచీ ఉంది.  పెదకూరపాడు రైతుకు ఢిల్లీ అధికారం తగిలేది గవర్నరు దగ్గర కాదు, నాగార్జునసాగర్ కుడికాలువ తూము దగ్గర.

నీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. కేంద్ర జాబితాలోని 56వ అంశానికి లోబడి అన్న షరతు దానికి ఉండనే ఉంది. ఆ 56వ అంశం అండతోనే 1956లో నదీ బోర్డుల చట్టం తెచ్చారు. తగవు రాకముందే రాష్ట్రాలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని దాని ఉద్దేశం. దాని కింద ఇంతవరకు ఒక్క బోర్డూ ఏర్పడలేదు! అదే ఏడాది వచ్చిన జల వివాదాల చట్టాన్ని మాత్రం పట్టుకు వేలాడుతున్నాం. దాని కింద వేసిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు ఇచ్చింది. 2004లో వేసిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ వ్యవహారం రెండు దశాబ్దాలు దాటినా తెమల్లేదు. ముందు మాట్లాడుకోకుండా తగవు ముదిరాక ట్రిబ్యునళ్ల వెంట పడటమే మన సమాఖ్య వ్యవస్థకు పట్టిన అసలు జబ్బని నా నమ్మకం.

అన్ని అధికారాలూ రాష్ట్రానికే ఇచ్చేస్తే సరిపోతుందనే మిత్రులకూ ఒక మాట. కృష్ణ నీటిని పెన్నాకు మళ్లించే పథకం తలపెట్టింది ఆనాటి మద్రాసు రాష్ట్ర ప్రభుత్వమే. దానికి ఎదురు నిలిచి నందికొండ (నేటి నాగార్జునసాగర్) కోసం పోరాడినవారు ముక్త్యాల జమీందారు, ముక్త్యాల రాజా. నందికొండ వైపు మొగ్గింది కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ. మన పొలాలకు నీళ్లు రాష్ట్రం మీద ఢిల్లీకి మొరపెట్టుకుంటేనే వచ్చాయి. ఈ సంగతి ఒప్పుకోకుండా రాష్ట్రాల హక్కుల మీద ఎన్ని పుస్తకాలు రాసినా ఏం లాభం?

ఇక 2014 విభజన చట్టం కృష్ణా బోర్డునిచ్చింది. దాని కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలని చట్టంలోనే రాసి ఉన్నా అది ఏళ్ల తరబడి హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. చివరికి 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగు జరుగుతున్న రోజునే, సాగర్ డ్యాం మీద 26 గేట్లను చెరి సగం చేస్తూ 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురు నిలబడ్డారు. ఆ తర్వాత కేంద్ర బలగాలు దిగాయి. మాట్లాడుకునే బోర్డు సకాలంలో సరిగా నిలబడి ఉంటే ఈ కంచె పడేది కాదు.

పైన జరగని ఆ మాటామంతీ ఊళ్లో జరిగింది. రైతులకు సాగునీటి నిర్వహణ అప్పగించిన 1997 చట్టంతో వచ్చిన ఒక నీటి సంఘం తీర్మానాల పుస్తకం నేను చూశాను. సగం పేజీలు చెదలు తినేశాయి. మిరపకు ఆఖరి తడి ఏ రోజు ఏ తూముకు వదలాలో మిగతా పేజీల్లో రాసుకుని, కింద వేలిముద్రలు వేసుకున్నారు. అధికార విభజన మీద ఇంతకన్నా గట్టి దస్తావేజు నాకు ఏ గ్రంథాలయంలోనూ దొరకలేదు. కాలువల మీది లస్కర్లు నీటిమట్టం రాసిన గేజి రిజిస్టర్లనూ ఎవరూ ముట్టుకోవడం లేదు.

అందుకని, వచ్చే సదస్సుకు రాబోయే ప్రతి పరిశోధకుడూ తన ఊరి మేజరు కాలువ మీది ఒక్క సంఘం పుస్తకానికైనా నకలు తీసి తేవాలని అడుగుతున్నాను. నదీ బోర్డుల చట్టం మీద ఒక పూట ప్రత్యేక గోష్ఠి పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి పత్రం నేను రాసి తెస్తాను.