నీళ్లూ, ఉప్పూ, మన మాటా

మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పేవాళ్లం. తెలుగులో తప్పు దొర్లితే మన్నించాలి.

కొన్నేళ్ల క్రితం మా మొహల్లాలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తల్లులను కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ గురించి ముప్పావుగంట ఉపన్యసించాము. ఎలక్ట్రోలైట్ అంటే అర్థం కాదని మా పాఠ్యపుస్తకంలోని 'బర్క్ పాషీదా' వాడాము. అదీ ఎవరికీ అందలేదు. చివర ఒక దాదీ అడిగింది: "మాస్టర్ సాబ్, కడుపులోంచి నీళ్లే పోతుంటే, మళ్లీ నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువ కాదా?" జవాబు పుస్తకంలో ఉంది, మా నోటికి రాలేదు. ఆ వారంలోనే ఆమె మనవడికి ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. పిల్లవాడు దక్కాడు, అల్లా దయ. కానీ ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

తరువాత బంగ్లాదేశ్ సంగతి చదివాము. 1980లో బ్రాక్ సంస్థ స్త్రీ కార్యకర్తలను ఇంటింటికీ పంపింది. అర సేరు నీళ్లు, మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం. తల్లి చేతే కలిపించేవారు. కొన్నాళ్లకు వేరేవారు వెళ్లి ఆమెకు ఎంత గుర్తుందో అడిగేవారు. దాన్నిబట్టే కార్యకర్తకు జీతం! (మాకూ ఆ పద్ధతి పెడితే నెలాఖరుకు ఏం మిగిలేదో.) అయినా తొలిరోజుల్లో తల్లులు నేర్చుకున్నారే గాని వాడింది తక్కువ. విచారిస్తే, చెప్పే కార్యకర్తలకే నమ్మకం చాలలేదు. తమకు జబ్బు చేస్తే వేరే మందులు మింగేవారు. ఇంట్లో మగవారికైతే సంగతే తెలియదు. అందుకని ముందు కార్యకర్తలను నమ్మించారు, బజార్లలో, మసీదుల్లో మగవారితో మాట్లాడారు. 1990 నాటికి కోటికి పైగా ఇళ్లు తిరిగారు.

మేము మళ్లీ దాదీ గడపకే వెళ్లాము. ఈసారి ముందు ఆమె చెప్పింది విన్నాము. తర్వాత అన్నాము: "దాదీమా, పేగులో ఒక తలుపుంది. ఉప్పు, చక్కెర జోడుగా వస్తే అది తెరుచుకుంటుంది, వాటి వెంట నీళ్లూ ఒంట్లోకి పోతాయి. విరేచనం వెంటనే ఆగదు, పోయిన నీళ్లు మాత్రం తిరిగి చేరతాయి." ఆమె తల ఊపింది.

"మరి పాకెట్టు మొత్తం ఒక లీటరులోనే అంటావు, మా ఇంట్లో లీటరు ఏది?" అంది.

మా దగ్గర మళ్లీ జవాబు లేదు. మర్నాడు ఒక లీటరు సీసా పట్టుకుని వీధంతా తిరిగి, ప్రతి ఇంటి చెంబులో నీళ్లు పోసి, ఎక్కడిదాకా వస్తే అక్కడ మేకుతో గీత గీశాము.