మోటారు వేడి ఎక్కడిది?



శక్తి రూపాంతరం అని పుస్తకంలో చదివితే అదేదో కాలేజీ వారి సంగతి అనిపిస్తుంది. కాని మనలో ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టేది అదే. మోటారు వైండింగు షాపులో కూర్చున్న కుర్రవాడు కరెంటును తిరుగుడుగా మార్చే యంత్రాన్నే గదా బాగుచేసేది! ఇప్పుడు మా మాట వెనుక వరుసదాకా వినిపిస్తున్నదంటే, మైకు శబ్దాన్ని కరెంటుగా, లౌడు స్పీకరు ఆ కరెంటును మళ్ళీ శబ్దంగా మార్చటం వల్లనే.

అయితే ఏ యంత్రమూ తీసుకున్నదంతా పనిగా ఇవ్వదు. ఒక హార్సు పవరు అంటే 746 వాట్లు. 5 హార్సు పవరు మోటారు ఇరుసు మీద ఇచ్చేది 3,730 వాట్లు. దాని సామర్థ్యం నూటికి 85 అనుకుంటే లైను నుండి లాగేది సుమారు 4,390. మిగతా 660 వాట్లు ఏమైనట్లు? దాదాపు అంతా వేడి అయినట్లు. ఒక చిన్న ఇస్త్రీ పెట్టె మోటారు కడుపులో కాలుతున్నదన్నమాట.

వైండింగు పనిలో మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. రాగి ఖరీదని ఒక గేజి సన్నం తీగ చుట్టినా మోటారు తిరుగుతుంది, రైతు డబ్బిచ్చి పట్టుకుపోతాడు. కాని సన్న తీగలో నిరోధం ఎక్కువ, వేడి ఎక్కువ. హద్దు మీద ప్రతి 10 డిగ్రీలకు ఇన్సులేషను ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల అంచనా. పాత తీగ ఊడదీయటానికి స్టేటరును మంటలో ఎర్రగా కాల్చేవారూ ఉన్నారు. ఇనుప రేకుల మధ్య పూత మాడి, ఆ ఇనుము కూడా వేడెక్కటం మొదలుపెడుతుంది. వరి పొట్టమీద ఉండగా మోటారు కాలితే రైతుకు పోయేది వైండింగు కూలి ఒక్కటేనా?

ఇంకొకటి. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా నడుస్తున్న మోటారు ఆగదు. మిగతా రెండు ఇంచుమించు 1.7 రెట్లు కరెంటు లాగి వైండింగు మాడిపోతుంది. అది కాపాడేందుకే స్టార్టరులో రిలే ఉన్నది. మాటిమాటికీ ఆగుతున్నదని, రిలే తప్పించి డైరెక్టు ఇమ్మని ఎవరు అడిగినా మన పిల్లలు ఇవ్వకూడదని మా గట్టి అభిప్రాయం.

ఈ విద్యకు మూలపురుషుడు మైఖేల్ ఫారడే కమ్మరి కొడుకు. లండనులో బుక్ బైండింగు దుకాణంలో ఏడేళ్ళు పని నేర్చుకుంటూ, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. 1821లో కరెంటు పారే తీగను అయస్కాంతం చుట్టూ తిప్పాడు. 1831లో అయస్కాంతాన్ని కదిలించి కరెంటు పుట్టించాడు. మొదటిది మోటారుకు దారి, రెండవది డైనమోకు. గణితం మాత్రం ఆయనకు అంతగా రాదు. ఆ ఒక్క మాటా మన పిల్లలు పట్టుకోకుంటే చాలు!

ఎందుకంటే పని మారుతున్నది. 75 వాట్ల ఫ్యాను చోట సుమారు 30 వాట్లది వచ్చింది. అందులో అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ బోర్డు. తీగ చుట్టటం ఒక్కటే తెలిసినవాడికి ఆ బోర్డు లొంగదు. షాపులున్న సోదరులు పిల్లలను సాయంత్రం ఒక గంట ముందు వదిలితే, చెప్పటానికి మనలో ఐ.టి.ఐ. చదివినవారు సిద్ధంగా ఉన్నారు. గది సంఘం ఇస్తుంది. ఒక టాంగ్ టెస్టరు, రెండు మల్టీమీటర్లు కావాలి. ఇవ్వదలచినవారు కార్యదర్శిగారితో చెప్పగలరు.